అదే తీగ, చవక పేరు: నెట్ కనెక్షన్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. చవకగా ఇచ్చే చిన్న నెట్ కంపెనీని పెద్ద కంపెనీ కొనేసింది, ఇప్పుడు మా సంగతేంది అని. కంపెనీల పేర్లన్నీ నేనే తీసేశాను, ఎవరిదని నన్ను అడగబాకండి.

ప్రశ్న: అన్నా, నేను కావలిలో కేబుల్ ఆపరేటర్ని. పెద్ద కంపెనీ నెట్ 500 ఇళ్లకి ఇస్తా ఉన్నాను, నెలకి 600 ప్లాను. పక్క వీధిలో ఇంకో కుర్రాడు 350కే ఇస్తాడు, స్పీడు కొంచెం తక్కువ. ఇప్పుడు వాడి కంపెనీని మా కంపెనీ కొనేసింది. మొన్న ఒంగోల్లో మీటింగ్ పెట్టి రెండు పేర్లూ ఉంటాయి, రెండూ మీరే అమ్మండి అన్నారు. నా 500 మందీ 350కి దిగిపోతే నేనేం గావాల? అసలు ఆ చవక పేరుని ఎట్టా వాడదామని వీళ్ల ప్లాను?
— ఓ ఎల్‌సీవో (లోకల్ కేబుల్ ఆపరేటర్), కావలి

జవాబు: తమ్ముడూ, నీ భయం సగం కరెక్టు. ముందు కంపెనీ వైపు నుంచి లెక్క చూడు, తర్వాత నీ లెక్క.

350 కుర్రాడితో పోటీ పడాలంటే నీ కంపెనీ 600 ప్లానునే 350కి దించొచ్చు గదా, మరి ఎందుకు దించదు? దించితే నీ ఒక్క ఏరియాలోనే 500 ఇళ్ల మీద ఇంటికి 250 చొప్పున నెలకి లక్షా పాతిక వేలు పోతాయి, అందులో ఎక్కువ మంది అసలు రేటు తగ్గించమని అడగనేలేదు, 600 అలవాటుగా కట్టేస్తా ఉన్నోళ్లు. అదే రెండో పేరు చేతిలో ఉంటే రేటు కోసం గొడవ పడే వాళ్లకి మాత్రం ఆ పేరు చూపిస్తారు, మిగతావాళ్లు 600 దగ్గరే ఉంటారు. చవక పేరు కొనేది ఇందుకే, దాని కనెక్షన్ల మీద మోజుతో కాదు.

సబ్బు పొడి సంగతి నీకు గుర్తుండే ఉంటది. పసుపు పచ్చ నిర్మా ఇంటింటికీ వచ్చేసినప్పుడు హిందుస్తాన్ లీవర్ వాళ్లు సర్ఫ్ రేటు దించలా, 1980ల చివర్లో వీల్ అని వేరే పొడి దించి నిర్మా మీదికి తోలారు. సర్ఫ్ సర్ఫే, వీల్ వీలే, రెండూ ఒకే ఇంటివని మా అమ్మకి ఇప్పటికీ తెలీదు. వీల్ వాళ్లు సొంతంగా చేసుకున్నది, నీ కంపెనీ కొనుక్కుంది, అంతే తేడా.

ఇక కొన్న పేరుతో చెయ్యకూడనిది చేస్తే ఎట్టుంటదో చూడాలంటే విమానాల వైపు చూడు. కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టాడు, బస్సు టికెట్టు మాదిరి విమానం టికెట్టు అని. 2007లో కింగ్‌ఫిషర్ విమానాలు నడిపే విజయ్ మాల్యా దాన్ని కొన్నాడు, బానే ఉంది, 2008లో డెక్కన్ పేరు పీకేసి కింగ్‌ఫిషర్ రెడ్ అని పెట్టాడు, అక్కడ చెడింది. ఎర్ర రంగు అదే, పేరు అదే, టికెట్టు మాత్రం చవక, మరి ఎక్కినోడు కింగ్‌ఫిషర్ మర్యాదలు ఆశిస్తాడు గదా, అవి లేకపోతే తిడతాడు, ఇంకోపక్క ఎక్కువ పెట్టి అసలు కింగ్‌ఫిషర్ ఎక్కేవాడు "అదీ కింగ్‌ఫిషరేగా" అని రెడ్‌లోకి దిగుతాడు. 2011లో రెడ్ ఎత్తేస్తామన్నారు, 2012 అక్టోబర్ కల్లా మొత్తం విమానాలే ఆగిపోయాయి. మునగడానికి ఇదొక్కటే కారణం అనను, అప్పులూ ఆయిల్ ధరలూ ఉన్నాయి. కానీ రెండు రేట్ల మధ్య గోడ అనేది పేరే, ఆ గోడని వాళ్లే పడగొట్టుకున్నారు.

కాబట్టి నీ కంపెనీ ఆ చిన్న పేరుని అట్టాగే ఉంచుతామంటే తెలివైన పనే చేస్తా ఉన్నట్టు. దేశంలో పెద్ద ఉదాహరణ కూడా ఉంది, 2018 అక్టోబర్‌లో రిలయన్స్ వాళ్లు హాత్‌వే, డెన్ అనే కేబుల్ నెట్ కంపెనీలు రెండింట్లో పెద్ద వాటాలు కొంటున్నామని ప్రకటించారు, జియో పేరు చేతిలో పెట్టుకుని కూడా ఆ రెండు పేర్లూ తీసెయ్యలేదు. దీనికి రివర్సు ఎయిర్‌టెల్, 2018 మేలో టెలినార్‌ని కలుపుకుంది, మనకి యూనినార్‌గా తెలిసిన సిమ్ము, ఆ పేరు మాయమైపోయింది. జియో వచ్చాక మొబైల్లో చవక అనే పేరుకి విలువ యాడుంది, అందరూ చవకే గదా, అందుకని ఉంచి లాభం లేదనుకుని ఉంటారు. ఇది నా ఊహ.

సరే, పేరు ఉంచారు, మరి 350లో ఏం తగ్గిస్తారు? అసలు కిటుకు ఇక్కడుంది. మన నెల్లూరు ఒంగోలు రోడ్డు చూడు. పల్లెవెలుగు పోయేదీ అదే రోడ్డు, సూపర్ లగ్జరీ పోయేదీ అదే. పల్లెవెలుగు కోవూరు కాడ ఆగుద్ది, కావలి బస్టాండ్లోకి పోయి కాసేపు పడుకుంటది, సింగరాయకొండలో ఇంకొంచెం సేపు, టంగుటూర్లో మళ్లీ. తొందర ఉన్నోడు ఆ పక్కకే పోడు, తొందర లేనోడికి అట్టా ఆగి ఆగి పోవడం అసలు కష్టమే కాదు. చవక పేరు కూడా ఇట్టాగే ఉండాలి, 600 కట్టేవాడికి చిరాకు పుట్టేవి, 350 కట్టేవాడికి పట్టనివి తీసెయ్యాలి. రాత్రి పదింటికి ఫోనెత్తే కాల్ సెంటర్ తీసెయ్యి, ఓటీటీ యాప్‌లు తీసెయ్యి, రౌటర్ నువ్వే కొనుక్కో అను, డబ్బులు ముందే కట్టు అను, కంప్లైంట్ ఇస్తే నాలుగు గంటల్లో కాదు రెండ్రోజుల్లో వస్తాం అను. తియ్యకూడనిది ఒకటే, కనెక్షన్ నిలబడటం. రోజుకి మూడుసార్లు పోయే నెట్టు చవగ్గా ఇచ్చినా ఎవడికీ వద్దు, పైగా తిట్లు నీకు పడతాయి, కంపెనీకి కాదు.

ఇక నీ లెక్క. 600 వాడు ఒకడు 350కి దిగితే నీ వసూల్లో 250 పోతది, కొత్తోడు ఒకడు చేరితే 350 వస్తది. అంటే పది మంది దిగినా కొత్తోళ్లు ఎనిమిది మంది వస్తే నువ్వు పైనే ఉన్నావ్. వినడానికి బాగుంది గదా, కానీ దిగినోడికి ఖర్చేం లేదు, పాత డ్రాప్ వైరే, పాత డబ్బానే, కొత్తోడికి మాత్రం స్తంభం నుంచి వైరు లాగాలి, ఓఎన్‌టీ అనే ఫైబర్ డబ్బా పెట్టాలి, తీగలు అతికే స్ప్లైసింగ్ కుర్రాడికి కూలీ ఇవ్వాలి. ఆ ఖర్చు నీదా కంపెనీదా? మీటింగులో ఇది ఎవరైనా అడిగారా? నాకు తెలిసి అడిగుండరు, అందరూ బిర్యానీ తిని వచ్చుంటారు.

నేనైతే మూడు విషయాలు కాయితం మీద రాయించుకుంటా. చవక పేరు మీద వసూలయ్యే డబ్బుల్లో నా షేరు ఎంత శాతం, అదే శాతమా తగ్గిస్తారా. నా కస్టమర్ దిగితే ఎన్నాళ్లు పాత షేరు ఇస్తారు. తర్వాత ముఖ్యమైనది, 350 వాడు ఎప్పుడైనా 600కి ఎక్కితే ఆ ఎక్కించినందుకు నాకేం వస్తది. కంపెనీకి చివరికి కావాల్సింది ఈ ఎక్కడమే, చదువుకునే పిల్లోడు 350తో మొదలుపెట్టి ఉద్యోగం వచ్చాక 600కి రావాలి. అది చేయించేది నువ్వు, కాబట్టి దానికి డబ్బులు అడుగు.

ఇంకోటి, నీ పాత వీధుల్లో చవక పేరు పాంప్లెట్లు పంచబాక. ఆ కుర్రాడి వీధుల్లో, కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లలో, రూముల్లో ఉండే పిల్లల దగ్గర పంచు. నీ వీధిలో ఎవరైనా "మానేస్తాను" అని నోరు తెరిచాక అప్పుడు చెప్పు, ఇట్టా ఇంకోటి ఉంది అని. కొంచెం మోసం మాదిరి అనిపిస్తది, నిజమే, కానీ కంపెనీ చేసేదీ అదే.

ప్రశ్న: సార్, మాది ఒంగోలు లాయర్‌పేట. నేను ఇంటి నుంచి ఉద్యోగం చేస్తాను. మాకు ఉన్న కంపెనీ వాళ్లదే ఇంకో పేరుతో 349కి కనెక్షన్ ఉందంట, మా ఎదురింట్లో పెట్టించుకున్నారు, మేం 700 దాకా కడుతున్నాం. రెండూ ఒకటే వైరా? మాకు మార్చమంటే కొత్త కస్టమర్లకే అంటున్నారు.
— ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ వీధి దాకా ఒకటే వైరు అయ్యుండే అవకాశం ఎక్కువ, కొన్న వెంటనే కాకపోయినా ఏడాది తిరిగేసరికి కలిపేస్తారు, రెండు వైర్లు మోయడం ఎవరికి కావాలి. ఇళ్లకిచ్చే ఫైబర్లో ఎక్కువగా వాడేది జీపాన్ అనే పద్ధతి. కంపెనీ ఆఫీసులో ఒక పోర్టు నుంచి ఒక గాజు తీగ వస్తది, అందులో కిందికి దాదాపు 2.5 జీబీపీఎస్, పైకి 1.25 జీబీపీఎస్, మధ్యలో స్ప్లిటర్ పెట్టి దాన్నే 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఏ ఇంటికి ఎంత స్పీడు అనేది వైరు చెప్పదు, ఆఫీసులో కంప్యూటర్లో టైపు చేసిన నంబరు చెప్తది. ఎదురింటికి 30 ఎంబీపీఎస్ అని కొడతారు, మీకు 100 అని కొడతారు. అంటే మీకు 30 ఇచ్చినా 100 ఇచ్చినా కంపెనీకి ఖర్చులో పెద్ద తేడా ఉండదు. మా నెల్లూర్లో కొన్ని మిల్లుల వాళ్లు ఒకే బియ్యాన్ని రెండు రకాల బస్తాల్లో పోసి రెండు రేట్లకి అమ్ముతారని చెప్పుకుంటారు చూడండి, దానికి దీనికి చుట్టరికం ఉంది.

అయితే తొందరపడి మారబాకండి. మీది ఇంటి నుంచి ఉద్యోగం అన్నారు. సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా అందరూ సినిమాలు పెట్టుకున్నప్పుడు ఎవరి ట్రాఫిక్‌ని ముందు పంపాలో కూడా ఆ కంప్యూటర్లోనే రాసుంటది, చవక పేరు వాళ్లని వెనక్కి నెట్టే వీలు కంపెనీకి ఉంది. ఎదురింటికి రాత్రి తొమ్మిదింటికి పోయి ఒక వీడియో కాల్ చేసి చూడండి, స్పీడ్ టెస్ట్ యాప్ కాదు, వీడియో కాల్. బాగుంటే మారండి. కాపీ పొడి మర్చిపోయానమ్మా అని పోతే పనయిపోద్ది.

కొత్తవాళ్లకే అనేది వాళ్ల గోడ. దానికి మందు ఏందంటే, ఇంట్లో ఇంకొకరి పేరు మీద కొత్త కనెక్షన్ తీసుకుని పాతది ఆపించడం, ఇది అందరూ చేసేదే. లేదా ఆపేస్తామని గట్టిగా చెప్పి చూడండి, రెండో రోజు ఫోనొచ్చి రేటు తగ్గిస్తామంటారు, నాకు అట్టాగే తగ్గించారు. 349 అంటే 349 కాదు, 18 శాతం జీఎస్టీ వేస్తే 412 అవుతది. మీ 700లో ఆ టాక్స్ ముందే కలిసుందేమో బిల్లులో చూసుకుని అప్పుడు పోల్చండి.

ప్రశ్న: సార్, నేను విక్రమ సింహపురి యూనివర్సిటీలో ఎంబీఏ చదువుతున్నాను. పెద్ద ఇంటర్నెట్ కంపెనీ కొన్న చవక బ్రాండ్‌ని నిలబెట్టడం మీద ప్రాజెక్టు. అమెరికా ఉదాహరణలు ఏమైనా చెప్తారా?
— విద్యార్థి, కాకుటూరు

జవాబు: బాబూ నీకు ఏవోఎల్ ఒక్కటి చాలు, ఫోన్ లైను మీద డయలప్ నెట్ ఇచ్చిన అమెరికా కంపెనీ, ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. నేను నెల్లూర్లో డయలప్‌తో నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో ఈ కథలు పేపర్లో చదివి, వాళ్లకేం బాధరా, మనకి లైన్ కలవడమే గొప్ప అనుకునేవాణ్ణి. ఆ కుయ్యిమనే మోత మీ బ్యాచ్‌కి తెలీదులే.

కంప్యూసర్వ్ అనే ఇంకో నెట్ కంపెనీ ఏవోఎల్ కంటే పెద్ద తలకాయ, 1969లో పుట్టింది, 1980 నుంచి ఇన్‌కమ్ టాక్స్ లెక్కలు చేసిపెట్టే హెచ్ అండ్ ఆర్ బ్లాక్ చేతిలో ఉండేది. నువ్వు వాట్సాప్‌లో పంపే జిఫ్ బొమ్మలు ఉన్నాయే, ఆ ఫార్మాట్ 1987లో అక్కడే తయారైంది. కానీ గంటల లెక్కన డబ్బులు గుంజేవాళ్లు. ఏవోఎల్ 1996 చివర్లో నెలకి 19.95 డాలర్లు కట్టు, ఎంతసేపైనా వాడుకో అనేసరికి కంప్యూసర్వ్ కుదేలైపోయింది, 1998 మొదట్లో ఏవోఎల్ చేతికే వచ్చింది.

ఇప్పుడు దాన్నేం చెయ్యాలి? మొదట్లో ఏవోఎల్ పిల్లలకీ ఇంట్లోవాళ్లకీ, కంప్యూసర్వ్ పెద్ద ఉద్యోగస్తులకి అన్నట్టు నడిపారు. తర్వాత 1999లో దాన్ని బేరం సరుకుగా మార్చారు, మూడేళ్లు కంప్యూసర్వ్ తీసుకుంటే కొత్త కంప్యూటర్ మీద 400 డాలర్లు తగ్గింపు. ఇక్కడొకటి గమనించు, నెల రేటు 21.95, ఏవోఎల్‌దీ అప్పుడు అంతే. చవకంతా కంప్యూటర్ బిల్లులో ఉంది, నెట్ బిల్లులో లేదు. 36 నెలలకి 790 డాలర్లు వస్తాయి, అందులో 400 ముందే ఇచ్చేశారు, బదులుగా మూడేళ్లు కట్టేసుకున్నారు. పెద్ద పేరు రేటుకి చిన్న గీత కూడా పడలేదు, దానికి నేను మార్కులేస్తాను.

ఆ తర్వాత నెట్‌జీరో, జూనో అనే చవక నెట్ కంపెనీలు 2001లో కలిసిపోయి నెలకి 9.95కే ఇవ్వడం మొదలుపెట్టాయి. పోటీలో ఉన్న ఎర్త్‌లింక్ 2002లో పీపుల్‌పీసీ అనే చిన్న కంపెనీని కొని, తన రేటు 20 డాలర్ల పైనే ఉంచుకుని, పీపుల్‌పీసీ పేరు మీద 11 డాలర్ల లోపు కనెక్షన్లు ఇచ్చింది. ఏవోఎల్ మాత్రం ఆలోచిస్తా కూర్చుని, 2004లో గానీ నెట్‌స్కేప్ పేరుతో 9.95 కనెక్షన్ దించలేదు, అప్పటికి తన సొంత రేటు 23.90. నెట్‌స్కేప్ కూడా కొన్న పేరే, 1990ల్లో బ్రౌజర్ అంటే అదే, ఆ పేరు 1999 నుంచీ ఇంట్లోనే ఉంది. ఐదేళ్లు ఎందుకు ఆగారు అంటే, చవకది పెడితే మనోళ్లే దిగిపోతారని భయం. కావలి తమ్ముడి భయమే.

కానీ నీ ప్రాజెక్టులో ఇది రాయి, ఆ భయం తప్పు వైపు చూసింది. ఏవోఎల్‌కి 2002లో అమెరికాలో 2.6 కోట్ల పైన చందాదారులు, అక్కడి నుంచి దిగడమే. పోయినోళ్లలో కొందరు 9.95 వైపు పోయారు, నిజమే, కానీ అసలు దెబ్బ ఎక్కువ డబ్బులు పెట్టి కేబుల్ మోడెమ్, డీఎస్ఎల్ అనే స్పీడు నెట్ పెట్టించుకున్న వాళ్లతో పడింది. నీకన్నా చవకోడు వస్తే చవక పేరు ఉపయోగపడుద్ది, నీకన్నా మెరుగైనోడు వస్తే దాంతో ఏం పీకలేవు. మన దగ్గర ఇప్పుడు ఆ మాదిరి వచ్చింది 5జీ డబ్బా, ఎయిర్‌టెల్, జియో రెండూ 2023లో ఎయిర్‌ఫైబర్ అని దించాయి, స్తంభం లేదు, వైరు లేదు. ఊళ్లో ఫైబర్ బ్రాండ్లు రెండు పెట్టుకుని వీటితో ఎట్టా కొట్లాడతారో అదొక చాప్టర్ చెయ్యి, మీ సార్లు మెచ్చుకుంటారు.

కొసరు: కంప్యూసర్వ్ పాత సర్వీసు 2009లో మూసేశారు, ఏవోఎల్ డయలప్‌ని 2025 సెప్టెంబర్ 30న ఆపారు. అప్పటిదాకా ఉందని నాకూ ఆశ్చర్యమే.

ప్రశ్న: మాకు సింగరాయకొండ దగ్గర వనామీ రొయ్యల గుంటలు ఉన్నాయి. కాపలా షెడ్డులో నాలుగు కెమెరాలు. పెద్ద కంపెనీ కనెక్షన్ ఒకటి, అది పోతే ఉంటదని చవక కంపెనీది ఒకటి, రెండూ పెట్టుకున్నాం. ఇప్పుడు రెండూ ఒకటే కంపెనీ అయినాయి. ఏమైనా మార్చాలా?
— రొయ్యల రైతు

జవాబు: మార్చాలన్నా, వెంటనే మార్చాలి. ఉత్తరాలన్నిట్లో తొందర పడాల్సింది మీరే. వాళ్లు రెండు నెట్‌వర్కులూ కలిపేశాక హైవే పక్కన ఎవడో జేసీబీతో ఒక తీగ తెంపితే మీ రెండు కనెక్షన్లూ ఒకేసారి పోతాయి, రెండు బిల్లులు కడతా ఉంటారు గానీ ఉన్నది ఒకటే. గుంటల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, ఆ టైములో నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగింది కెమెరాలో కనపడకపోతే పంట మొత్తం పోతది. చవకది ఆపేసి వేరే కంపెనీ సిమ్ముతో నడిచే రౌటర్ ఒకటి పెట్టుకోండి. ఉంచుకునే కనెక్షన్లో డౌన్‌లోడ్ స్పీడ్ చూడబాకండి, అప్‌లోడ్ ఎంతో అడగండి, కెమెరాకి 2 నుంచి 4 ఎంబీపీఎస్ చొప్పున నాలుగింటికి కనీసం 8 ఉండాలి. చవక ప్లాన్లలో కత్తెర ముందు పడేది అప్‌లోడ్ మీదే, పాంప్లెట్లో అది రాయరు.

ప్రశ్న: చవక కంపెనీకి ఏడాది డబ్బులు ముందే కట్టాను, ఇంకా ఏడు నెలలుంది. ఆ పేరు తీసేస్తారా? నా డబ్బులు?
— పొదిలి పాఠకుడు

జవాబు: పేరు ఉంచినా తీసినా కొన్నోడు మీ ఏడు నెలలూ నడపాలి. రసీదు, యూజర్ ఐడీ, ప్లాన్ పేరు, చివరి తేదీ ఫోటో తీసి పెట్టుకోండి, యాప్ మారినప్పుడు పాత లెక్కలు కనపడకుండా పోతుంటాయి. స్పీడు కూడా ఇప్పుడే ఒకసారి కొలిచి రాసుకోండి, డేటా అయిపోయాక ఎంతకి పడిపోతా ఉందో కూడా. 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్ లేనిదాన్ని మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనకూడదు, ఆ ముక్క కంప్లైంట్‌లో రాస్తే పని కొంచెం తొందరగా జరుగుద్ది. రౌటర్‌కి డిపాజిట్ కట్టుంటే ఆ రసీదు వేరే, అది కూడా వెతకండి. ఏడు నెలలయ్యాక మాత్రం మళ్లీ ఏడాదికి కట్టబాకండి, నెలనెలా కట్టండి, వాళ్ల ప్లాను ఏందో తేలిందాకా.